గంజి దించిన నడికట్టు

బీడీలు చేసే ఆడోళ్ల ఒడిల చాట కూసుంటది. నా చాట మాత్రం నా కడుపు మీద కూసునేది. ఆకు, తంబాకు, దారం, కత్తెర అన్ని నా ముక్కు కిందికే వచ్చేటివి, మెడ వంచే పనే లేకుండె. "నీకు దేవుడే టేబుల్ ఇచ్చిండే" అని మా సోలాపూర్ దాజీ పేట్ సందుల ఆడోళ్లు నవ్వేటోళ్లు. అందరికంటె ఎక్కువ నేనే నవ్వేదాన్ని. నవ్వకపోతె ఏడ్వాలె, ఏడ్చుకుంట బీడీలు చేస్తె తంబాకు తడుస్తది.

మూడు కాన్పులు, మూడూ కోతలే. చిన్నది పుట్టినంక నా ఒళ్లు పొంగిన పూరీ తీరుగ అయ్యింది. తర్వాత పట్టువట్టి తగ్గిన. పొద్దుగాల నడిచిన, అన్నం తగ్గించిన, ఛాయల చెక్కర బంద్ జేసిన. ఒళ్లు తగ్గింది గని తోలు తగ్గలే. దూది తీసేసిన దిండు గలీబు లెక్క ముందటికి వేలాడుడే. సోలాపూర్ ఎండకాలం మీకు ఎర్కే. ఆ మడత కింద చెమటకు పొక్కులు లేచేటివి, పౌడర్ చల్లుకుంట, చీర కుచ్చిళ్లు దాని మీద ఆగక జారుతుంటె ఎగదోసుకుంట బతికిన.

ఒకనాడు బీడీ కార్ఖానల మాల్ అప్పజెప్పేతందుకు లైన్ల నిలవడ్డ. కొత్తగ వచ్చిన ఒక పిల్ల లేచి, "కూసో మావుశీ, ఎన్నో నెల?" అని స్టూల్ ఇచ్చింది. నా చిన్నబిడ్డ అప్పటికే కాలేజికి పోతున్నది. లైనంత నవ్విన్రు. నేను గూడ నవ్విన, ఆ స్టూల్ మీద కూసున్న గూడ. ఇంటికొచ్చి మా ఆయన మీద ఒర్రిన. ఆయనకు ఏం తెలువదు, కుంఠా నాకా కాడ టవళ్లు నేసే సాంచాలు నడిపించి అప్పుడే వచ్చి కాళ్లు కడుక్కుంటున్నడు. "నేనేం జేసిన్నే" అన్నడు. మూడుసార్లు జేసినవ్ అని చెప్పిన.

గని నాకు స్టూల్ కంటె ఎక్కువ బాధ బతుకమ్మది. మా సందుల పాట ఎత్తుకునేది నేనే. పెండ్లయి వచ్చిన ఏడాది నుంచి. వంగి చప్పట్లు కొట్టాలె, లేవాలె, ఒక అడుగు వెయ్యాలె, మళ్ల వంగాలె. ఈ తోలు వేలాడవట్టినంక వంగితె నడుము పట్టేసేది, లేస్తె కడుపు గుంజేది. ఒక ఏడాది సగంల ఆపిన. ఆ తర్వాత ఏడాది వలయం బయట మా అత్త పక్కన కూసున్న. మా అత్త ఎన్నేండ్లసంది అక్కడనే, చెప్పుల కాడ ముక్కాలిపీట ఏసుకొని కూసుంటది. ఆడుడు నేనెన్నడు చూడలే. ముసల్ది, మోకాళ్లు నొస్తయేమో అనుకునేదాన్ని, అడిగిందీ లేదు. చెప్పులు కాసుకుంట కూసున్నంక పాట ఎవరో ఎత్తుకున్నరు, తప్పు ఎత్తుకున్నరు. నాకు కడుపుల మండింది.

అప్పుడు నిర్ణయించుకున్న. హోట్గి రోడ్ల ఒక డాక్టరమ్మ ఉన్నది, మరాఠామె, ఎక్కువైన తోలు కోసేసి, లోపల వదులైన కండను బిగిచ్చి కుడతది. ఆమె కాడికి రెండుసార్లు పోయి వచ్చి ఇంట్ల చెప్పిన. మా ఆయన, "నొస్తదా?" అన్నడు. నొస్తది అన్న. "నువ్వు తట్టుకుంటవ్, మేం తట్టుకుంటమా అని" అన్నడు. గంతే, ఒప్పుకున్నడు.

మా అత్త ఒప్పుకోలే. "మింగ మెతుకు లేదు గని మీసాలకు సంపెంగ నూనెనట. పిల్లల్ని మోసిన కడుపు గట్లనే ఉంటది. దాన్ని కోసుకునుడేంది పిల్లా?" అన్నది.

"నా కడుపు, నా బీడీల పైసలు, నా ఇష్టం" అన్న.

ఆమె నన్ను ఒకసారి కిందికెళ్లి మీది దాక చూసింది. బియ్యం కడిగేతందుకు లోపలికి పోయింది. లోపలికెళ్లి, "అవతలోళ్లకు చెప్పకు. కడుపు చించుకుంటె కాళ్ల మీదనే పడ్తది" అన్నది. పొద్దుమీకే వరకు నేను సందంత చెప్పిన.

ఆషాఢంల ఆపరేషన్ అయ్యింది. దాని గురించి రాసుడు దండుగ, నేను పండుకునే ఉన్న. లేచేసరికి ఆ బల్ల మీదనే నాకు ఒక బిగుతు అంగీలాంటిది తొడిగి పెట్టిన్రు, రొమ్ముల కిందికెళ్లి తొడల దాక. దాన్ని గార్మెంట్ అంటరట. డాక్టరమ్మ నా మంచం మీద కూసొని మరాఠీల చెప్పింది: "తాయి, కుట్టేది నేను కుట్టిన. ఇగ ఈ తోలు లోపలికి అతుక్కోవాలె. నడుమ జాగ ఉంటె నీళ్లు చేరుతయ్. ఆ జాగ లేకుండ ఒత్తిపట్టుడే గార్మెంట్ పని. నీళ్లు చేరకపోతె దసరాకు నువ్వు నీ ఆట ఆడుకో. చేరుకుంట పోతె మళ్ల కొయ్యాల్సి వస్తది, అప్పుడు ఈ ఏడాదికి ఆట లేదు." గా మాట నేను తాయెత్తు తీరుగ మెడకు కట్టుకున్న.

ఇంటికి వచ్చినంక నిటారుగ నిలవడొద్దన్నరు, కుట్లు గుంజుతయని. వంగి నడుసుడు. మా అత్త ఎప్పుడూ జర వంగే నడుస్తది. ఒకరి ఎన్క ఒకరం వాకిట్లకు పోతుంటె మా ఆయన గడప మీద కూసొని, "ఇన్నేండ్లకు అత్తకోడండ్లు ఒక్కమాట మీదికి రాలే గని ఒక్క నడక మీదికి వచ్చిన్రు" అన్నడు. నాకు నవ్వొస్తె కుట్లు నొచ్చినయ్. నవ్వొద్దని డాక్టరమ్మ చెప్పలే, చెప్పాల్సి ఉండె.

కడుపుల నీళ్లు పోయేతందుకు పెట్టిన గొట్టాలు తీసేసినంక, దవాఖాన గార్మెంట్ ఖరాబైందని, వాపు దిగినంక అది వదులు గూడ అయ్యిందని, కొత్తవి రెండు కొనుక్కోమన్నరు. ఒకటి ఒంటి మీద, ఒకటి దండెం మీద. మా చిన్నబిడ్డను తోలుకొని ఆటో ఎక్కుతుంటె మా అత్త గూడ వచ్చి కూసున్నది. "బట్ట కొనేతందుకు పోతున్నరు, నేను లేకుంట ఏం కొంటరు?" అన్నది. మా మామ ఉన్నన్నినాళ్లు ఆమె ఆయన బట్ట నేసే మాగం పక్కన కూసొని దారం కండెలు చుట్టింది. బట్ట అంటె ఆమెకు ఆమె చేతులే నమ్మకం.

సర్జికల్ దుకాణంల ఒక నడీడు మరాఠామె ఉన్నది. టేపు పెట్టి నా నడుము, తొడలు, రొమ్ము కింద అన్ని కొలిచింది. తర్వాత బల్ల మీద కుప్పవోసింది. కొన్నిటికి పక్కన కొక్కేలు, కొన్నిటికి జిప్పు, కొన్ని అంటుకునే పట్టీలు. మోకాళ్ల దాక ఒకటి, తొడల మీదికే ఒకటి. నల్లది, ఇంకొకటి లేత గులాబి. "ఇది స్కిన్ కలర్" అన్నది ఆమె. ఎవల స్కిన్ అని అడిగిన. మా సందుల ఆ రంగుల మనిషి ఇంతవరకు పుట్టలే.

మా అత్త అందుల ఒకటి అందుకున్నది. బొటనేలు, చూపుడేలు నడుమ పెట్టి నలిపింది. వెలుతురుకు పట్టి చూసింది. గుంజింది, ఇడిసింది, మళ్ల గుంజింది. "పడుగేది, పేకేది?" అని అడిగింది.

"బాపమ్మా, ఇది నేసింది కాదు, స్వెటర్ తీరుగ అల్లింది" అన్నది నా బిడ్డ.

"పడుగు పేక లేకుంట బట్టెట్లయితదే?" అన్నది మా అత్త. అనుకుంట అనుకుంట దాన్ని తిరగేసింది. తిరగేసి, నడుమ కాళ్ల సందుల తెరిచి ఉన్న జాగ చూసింది. ఆమె మొఖంల ఎలుగు వచ్చింది. దుకాణామె ముందట దాన్ని పరిచి, ఆ తొర్రల నాలుగేళ్లు పెట్టి ఆడిచ్చుకుంట, "బఘా బాయీ, సెకన్ మాల్ అమ్ముతున్నవ్. చిరిగిపోయి ఉన్నది. రేటు తగ్గించు" అన్నది. మా దిక్కు చాదర్ల ఎక్కడన్న పోగు తెగి తప్పు పడితె దాన్ని సెకన్ మాల్ అంటరు, సగం ధరకు ఇస్తరు. దుకాణామెకు సగమే అర్థమైంది. నా బిడ్డ సిగ్గుతోటి షెట్టర్ దిక్కు తిరిగి నిలవడ్డది. ఇగ నేనే చెప్పిన, "అత్తా, అది చినుగు కాదు. మాటిమాటికి ఇప్పకుండ బాత్రూంకు పోయేతందుకు."

మా అత్త నాలుగేళ్లు మెల్లగ బయటికి తీసుకున్నది. కొంగుకు తుడుసుకున్నది. "తెలివిగలోడే కుట్టిండు" అన్నది.

నల్లది ఒకటి, ఎవరిదీ కాని తోలు రంగుది ఒకటి తీసుకున్నం. రెండూ కొక్కేలవి, గట్టివి. తొడిగి చూస్తె ఊపిరి ఆడుతది గని ఇంకొక ముద్ద తినబుద్ధి కాదు. గట్లనే ఉండాలె అన్నది దుకాణామె. ఇంటికొచ్చి పాతదానితోటే మందులేసుకొని పండుకున్న. లేచేసరికి రెండూ మిద్దె మీద టవళ్ల నడుమ దండెం మీద ఆరుతున్నయ్. మూలకు ఇంత పసుపు బొట్టు గూడ ఉన్నది.

నాకు ముచ్చటైంది. మా ఇండ్లల్ల కొత్తబట్ట అంటె మాగం మీదికెళ్లి దిగిన బట్ట. పడుగు తెగకుండ దారానికి గంజి పెడ్తరు. ఆ గంజితోటే కట్టుకుంటె ఒళ్లంత గీరుకపోతది. అందుకె కొత్తది ఏదొచ్చినా మా అత్త పసుపు పెట్టి, సోడ ఏసి, బగోనెల మరగబెట్టి గంజి దించినంకనే ఒంటికి ముట్టనిస్తది. నా పెండ్లి తర్వాత చీరలు గట్లనే దించింది. పిల్లల స్కూల్ డ్రెస్సులు దించింది. ఒకసారి రెయిన్‌కోట్ గూడ దించబోతె మా ఆయన ఉరికొచ్చి పట్టుకున్నడు. నన్ను కోసుకోవద్దన్న మనిషి నా నడికట్టుకు పసుపు పెట్టిందంటె ఒప్పుకున్నట్టే కదా అనుకున్న. మా అత్త గార్మెంట్ అనేది కాదు, నడికట్టు అనేది. కాన్పు అయినంక పాత చీర పేలిక నడుముకు బిగిచ్చి చుట్టేదాన్ని గట్లనే అంటరు. ఆమె తన కాన్పులన్నిటికి చుట్టుకున్నదట, ఐదిటికి. పదో నాటికే ఇప్పేసి కండెల కాడ కూసున్నదట.

తొడుక్కుంటె ఎంత హాయిగ ఉన్నదని. మెత్తగ, చల్లగ, ఒంటికి ఒరుసుకోకుండ. దుకాణంల ఊపిరి పట్టేసిన బట్ట ఇదేనా అనిపిచ్చింది. "నీ చెయ్యి పడితె బట్టే మారిపోతది అత్తా" అన్న. ఆమె ఆ పూట నాకు రెండుసార్లు చారు పోసింది.

ఇగ నేను సుఖంగ తిన్న, పండుకున్న, నడిచిన. కొన్నాళ్లకు ఒక పొద్దుగాల పక్కకు ఒత్తిగిల్లితె కడుపుల ఏదో కదిలింది. చెయ్యి పెట్టి చూస్తె సగం నిండిన నీళ్ల సంచి ఒక దిక్కుకెళ్లి ఇంకో దిక్కుకు పోయినట్టు పోతున్నది. నేను, మా అత్త, నా బిడ్డ ముగ్గురం హోట్గి రోడ్డుకు ఉరికినం.

డాక్టరమ్మ సూది పెట్టి నీళ్లు గుంజింది. నొప్పి తెలువలే, అక్కడ తోలుకు ఇంక సోయి రాలే. తర్వాత ఆమె గార్మెంట్ అంచు పట్టి గుంజింది. అది గుంజినంత దూరం వచ్చింది, ఇడిస్తె ఎనుకకు పోలే. "ఇది కొత్తదే కదా? ఏం చేసిన్రు దీన్ని?"

మా అత్త తలెత్తి, మరాఠీలనే, గర్వంగ చెప్పింది. "మరగబెట్టి గంజి దించిన."

డాక్టరమ్మకు ఎక్కలే. నా బిడ్డ విడమర్చి చెప్పింది, సాలోళ్ల ఇంట్ల కొత్తబట్ట గంజి ఎట్ల దించుతరో, బగోనె, సోడ, అన్ని. డాక్టరమ్మ బల్ల మీద మొఖం పెట్టుకొని నవ్వింది. లేచి కళ్లద్దాలు తుడుసుకున్నది. "ఆజీ, దీన్ల గంజి లేదు. రబ్బర్ దారం ఉంటది. మరిగితె చచ్చిపోతది. ఇప్పుడు ఇది ఉత్త లంగా" అన్నది. తర్వాత నా దిక్కు తిరిగింది, నవ్వు లేదు. "ఇయ్యాల తీసిన. రేపే గట్టిది కొనుక్కో. మళ్ల నిండితె ఇంకో మాట చెప్పాల్సి వస్తది."

ఇంట్ల అడుగు పెట్టినంక నేను ఆగలేకపోయిన. "గంజితో పాటు నా బతుకమ్మను గూడ దించినవ్ కదా అత్తా" అన్న. ఎప్పటి లెక్కనైతె ఆమె నాకు నాలుగు మాటలు తిరిగి అంటది, నేను ఎనిమిది అంటా, మా ఆయన సాంచాల కాడికి పోతడు. ఆ నాడు ఆమె గోడకు ఒరిగి కూసొని తన చేతుల దిక్కు చూసుకుంట ఉన్నది. చారు గూడ కలుపుకోలే. నాకు కోపం దిగిపోయి బాధయ్యింది, బాధ అయితుందని మళ్ల కోపం వచ్చింది.

తెల్లారి ఆమే ముందుగాల ఆటో పిలిచింది. "పా, కొందాం. ఈసారి నేను బట్టను ముట్ట" అన్నది. నిజంగనే దుకాణంల రెండు చేతులు ఎన్కకు కట్టుకొని నిలవడ్డది. దుకాణామె అద్దం ముందట నన్ను నిలవెట్టి ఒకటొకటి తొడిగిచ్చింది. నిలవడితె అన్ని మంచిగనే ఉన్నయ్. అప్పుడు నాకు తట్టింది. నేను పొద్దంత అద్దం ముందట నిలవడేదాన్ని కాదు, కింద చాప మీద కూసునేదాన్ని. "జర ఇక్కడ కూసుంట" అని ఆ దుకాణంల నేల మీద మెల్లగ సక్లముక్లం పెట్టుకొని కూసున్న. మొదటిదాని పై అంచు సుట్టుకొని కిందికి జారి, కుట్టు మీదనే తాడు తీరుగ నొక్కింది. రెండోది తొడల కాడ కోసింది. దుకాణామె ఇంకొకటి తెచ్చింది, రొమ్ముల దాక ఎత్తున్నది, భుజాల మీదికెళ్లి పట్టీలున్నది. అది తొడిగి కూసుంటె ఎక్కడిదక్కడనే ఉన్నది. అంచు కిందికి రెండేళ్లు పోతున్నయ్, మూడోది పోతలేదు. గట్లనే ఉండాలెనట. నా బిడ్డ బల్ల మీద ఉన్న రెండు బిల్ బుక్కులు తెచ్చి నా ఒడిల పెట్టింది, "చాట అనుకో మమ్మీ" అని. చేతులాడిచ్చి ఉత్తుత్త బీడీలు చుట్టి చూసిన. దుకాణంల ఉన్న ఇంకిద్దరు ఆడోళ్లు ఆగి చూసిన్రు. చూస్తె చూడనీ, వాళ్లు గూడ ఇగ నిలవడి కొనరు.

బిల్ బుక్కులు నా ఒడిల చదునుగ కూసున్నయ్. ఎన్నేండ్లకో నాకు నా ఒడి కనవడ్డది. నేను గప్పుడు, ఆ మందుల వాసన దుకాణంల, నేల మీద కూసొని, సంతోషంతోటి ఏడ్చిన. మా అత్త చేతులు ఇప్పి నన్ను లేపింది.

అట్లాంటివే రెండు కొన్నం. ఇంటికొచ్చినంక మా అత్త నా బిడ్డను పిలిచి, దాని మీద కుట్టిన చీటీల ఏం రాసి ఉన్నదో సదువమన్నది. మరగబెట్టొద్దు, పిండొద్దు, ఎండకు ఏయొద్దు, ఇస్త్రీ చెయ్యొద్దు. "ఇగ మొక్కాలెనా దానికి?" అన్నది మా అత్త. అన్నది గని ఆ నాటికెళ్లి వాటిని ఎవరినీ ముట్టనియ్యలే. చల్లటి నీళ్లల్ల సబ్బు నురగ చేసి, పసిపిల్లకు తానం పోసినట్టు ఉతికి, నీడల పరిచేది. ఒకసారి మా ఆయన తన తడి టవల్ దాని మీద ఏసిండని సందు చివరి దాక వినవడేటట్టు తిట్టింది.

నీళ్లు మళ్ల ఒక్కసారి జర కనవడ్డయ్, తర్వాత రాలే. వాపు దిగుకుంట వచ్చింది. నేను నిటారుగ నడువవట్టిన. చాట నా ఒడిలకు వచ్చింది. మొదట్ల కత్తెర అందక పరేషానైన, అన్ని కిందికి పోయినయ్ కదా. ఇగ మెడ వంచి బీడీలు చేసుడు కొత్తగ నేర్చుకోవాల్సి వచ్చింది, మెడ నొచ్చింది. ఆ నొప్పి గూడ అందరికి చెప్పుకుంట తిరిగిన.

ఆ రోజులల్లనే ఒకనాడు గంజి దించిన ఆ రెండు గార్మెంట్లు యాదికొచ్చినయ్. దండెం మీద లేవు, సందుగల లేవు. పాతబట్టలోడికి ఏసినవా అని అడిగితె, మా అత్త బియ్యంల రాళ్లు ఏరుకుంట, "ఏమో, ఏడ వడ్డయో" అన్నది. కొక్కేలన్నా కోసుకొని దాచుకునే మనిషి, ఏమో అన్నది. నేను పట్టిచ్చుకోలే. తానం చేసి బయటికి వచ్చేతందుకు ఆమెకు ఎక్కువసేపు పడుతుందని మా ఆయన గులుగుడు మొదలుపెట్టిండు. ముసలితనం అనుకున్నం.

సద్దుల బతుకమ్మకు ముందు దినం డాక్టరమ్మ నా కడుపును అటొత్తి ఇటొత్తి చూసింది. వంగు అన్నది, వంగిన. లేవు అన్నది, లేచిన. "గార్మెంట్ తియ్యకు. దుంకకు. ఇగ పో, ఆడుకో తాయి" అన్నది. నేను ఆమె చేతులు పట్టుకున్న. మా అత్త ఆమెను, "డాక్టర్ బాయీ, గంజి దించిన ఆ బట్ట ఇగ ఎవరికన్న పనికొస్తదా? ముసలోళ్లు కట్టుకుంటె ఏమన్నా అయితదా?" అని అడిగింది. "దాన్ల ఏం మిగల్లే ఆజీ, ఎవరు కట్టుకున్నా ఏం కాదు" అన్నది డాక్టరమ్మ. పనిమనిషికి ఇద్దామనుకుంటున్నదేమో, మాకు పనిమనిషి లేదు కదా అనుకున్న. నా సంతోషంల నేనున్న, ఇంకొకరి మాట ఎక్కడ వింట.

పొద్దుగూకుతుంటె సందుల బతుకమ్మలు పెట్టినం. తంగేడు పువ్వు ఇక్కడ దొరకది, మా ఊరి దిక్కుకెళ్లి బస్సుల ఎవరో తెస్తరు, తలా ఇంత పంచుకుంటం. తతిమ్మదంత బంతి, చామంతి. ఆ పూటకు సాంచాలు బంద్ పెట్టిన్రు, సప్పుడు లేక చెవులు ఖాళీగ ఉన్నయ్. నేను పట్టుచీర కట్టిన. కుచ్చిళ్లు పెట్టినకాడ ఆగినయ్, ఎగదోసుకునే పనే పడలే. స్టూల్ ఇచ్చిన బీడీ కార్ఖాన పిల్ల గూడ వచ్చింది. నన్ను చూసి, "మావుశీ, కాన్పయిందా?" అన్నది. ఈసారి నిజంగ నవ్వొచ్చింది. "అయ్యింది, నేనే పుట్టిన" అన్న.

పాట ఎత్తుకున్న. వంగి చప్పట్లు కొట్టిన, లేచిన, అడుగేసిన. కడుపు గుంజలే. నడుము పట్టలే. బట్ట నన్ను గట్టిగ పట్టుకొని ఉన్నది. వలయం తిరుగుకుంట చెప్పుల కాడికి వచ్చినం. ముక్కాలిపీట ఖాళీగ ఉన్నది. పాట నడుమలనే నా కండ్లు మా అత్త కోసం ఎతికినయ్. ఆమె ఎటువోయింది, ఒంట్ల బాగలేదా అని భయమైంది.

అప్పుడు నా ఎన్కకెళ్లి చప్పట్లు వినవడ్డయ్. నా తాళం కంటె జర ఆలస్యంగ, మెల్లగ. తిరిగి చూస్తె మా అత్త. వంగుతున్నది. చెయ్యి చెయ్యికి కొడుతున్నది. లేస్తున్నది. ఆమె లేసినప్పుడు నేనెన్నడు చూడనంత ఎత్తున్నది. నలువది ఏండ్లాయె ఆమె ఆడక అని పక్కన పెద్దామె ఎవరో అన్నది, ఆఖరు కాన్పు కాడికెళ్లి. అంటె మోకాళ్లు కాదు. మోకాళ్లు ఎన్నడు కాదు.

నేను పాట ఇంకొకరికి ఇచ్చి ఆమె పక్కకు వచ్చిన. పడుతదేమోనని నడుము ఎన్క చెయ్యి ఏసిన. చీర కింద, రవికె కింద, నా వేళ్లకు కొక్కేలు తగిలినయ్. ఒక్కటి గూడ తప్పకుండ పెట్టుకున్నది. నన్ను ఒత్తిపట్టలేనంత వదులైన బట్ట, ఐదుగురిని మోసి పదో నాడు కండెల కాడ కూసున్న ఆ కడుపుకు సరిగ్గ సరిపోయింది.

"కోడలికి బుద్ధి చెప్పి అత్త తెడ్డు నాకిందట" అన్న, ఆమె చెవుల.

మా అత్త మళ్ల వంగింది, చప్పట్లు కొట్టింది, లేచింది. ఊపిరి తీసుకుంట నా దిక్కు చూడకుండనే అన్నది: "నీకొక్కదానికేనానే కడుపున్నది?"